ఎల్ల దాటని ఆస్పత్రి చీటీ



వై.ఎన్.హొసకోట బస్టాండులో పొద్దున పూట కాసేపు నిలబడితే ఒక సంగతి గమనించవచ్చు. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి. మాటలు మాత్రం చాలావరకు తెలుగులో వినిపిస్తాయి. కొందరు పావగడ వైపు పోతారు, కొందరు కంబదూరు, కళ్యాణదుర్గం వైపు పోతారు. వాళ్లలో ఆస్పత్రికి పోయే మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మడతలు పడిన చీటీలు, ఒక ఎక్స్‌రే, రక్తపరీక్ష కాగితం, ఎప్పుడో అయిపోయిన మాత్రల అట్ట. ఖాళీ అట్ట ఎందుకమ్మా దాచుకున్నావు అని అడిగితే, "డాక్టరుకు చూపిస్తే తెలుస్తుంది కదప్పా" అంటుంది. ఈ సరిహద్దులో రోగి చరిత్రను ఇన్నాళ్లూ భద్రపరిచిన రికార్డు గది ఆ కవరే.

ఈ రోజుల్లో దేశమంతా ఆస్పత్రి కాగితాలను కంప్యూటర్లలోకి ఎక్కించే పని నడుస్తోంది. ఒక ఆస్పత్రి రాసినది మరో ఆస్పత్రి చదవగలగాలి, ఒక రాష్ట్రం దాచినది మరో రాష్ట్రానికి అందాలి అంటున్నారు. నిపుణులు దీనికి ఇంటరాపరబిలిటీ అనే నోరు తిరగని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే, ఒకరి చీటీ ఇంకొకరికి చదవడం రావడం. ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఆలోచన అనుకుంటాం. కానీ ఎల్ల దాటే మనిషితోపాటు ఒక కాగితాన్ని పంపడం అనే ప్రయత్నానికి మన ప్రాంతంలోనే నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఇప్పుడు కట్టబోయే ఏర్పాటు ఎలా ఉండాలో కొంత తెలుస్తుంది.

ముందు ఈ ఎల్ల సంగతి. వై.ఎన్. అంటే ఎల్లప్ప నాయకుడు. కన్నడంలో హొస అంటే కొత్త. ఎల్లప్ప నాయకుడి కొత్తకోట అన్నమాట. పట్టుచీరల మగ్గాలకు పేరు పడిన ఊరు. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉన్నా, పటంలో చూస్తే మూడు వైపులా ఆంధ్ర నేలే చుట్టుకుని ఉంటుంది. పావగడ నుంచి జిల్లా కేంద్రమైన తుమకూరుకు సుమారు వంద కిలోమీటర్లు. హొసకోట వాళ్లకు దాని కన్నా కళ్యాణదుర్గం చాలా దగ్గర.

ఈ గీత భాషా రాష్ట్రాలతో వచ్చింది కాదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక పావగడ సీమ మైసూరు సంస్థానంలో ఉండిపోయింది. ఆ మరుసటి ఏడు, అంటే 1800లో, నిజాం మన అనంతపురం, బళ్లారి, కడప ప్రాంతాలను కుంఫిణీ వాళ్లకు ఇచ్చేశాడు. వాటినే దత్తమండలాలు అన్నాం. అలా గీతకు ఒక పక్క మైసూరు, మరో పక్క మద్రాసు ప్రెసిడెన్సీ. ఒక పక్క ఊరి లెక్కలు రాసేవాడు శానుభోగు, మరో పక్క కరణం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి రాయదుర్గం, ఆలూరు, ఆదోని తాలూకాలు ఇటు వచ్చాయి. 1956లో మైసూరు రాష్ట్రం పెద్దదయింది, 1973లో కర్ణాటక అయింది. పావగడ దగ్గర గీత మాత్రం ఉన్నచోటే ఉంది. పెళ్లిళ్లు, సంతలు, మగ్గాల పనులు ఆ గీతను ఎన్నడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవి పుస్తకాలు మాత్రమే. శానుభోగు పుస్తకం కరణం చూడడు, కరణం పుస్తకం శానుభోగుకు అక్కరలేదు.

మనిషి వెంట ఆరోగ్య కాగితం ఈ గీత దాటడం మొదలైంది ప్లేగు కాలంలో. 1896లో ప్లేగు బొంబాయిలో కనిపించింది. 1897లో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. 1898 ఆగస్టులో జబ్బు బెంగళూరుకు చేరింది. బెంగళూరులో టెలిఫోను తీగలు మొదట లాగింది ఆ ఏడే, ప్లేగు పనులు చూసే అధికారుల మధ్య కబుర్లు అందడానికే. మల్లేశ్వరం, బసవనగుడి లాంటి గాలి వెలుతురు ఉన్న పేటలు పెరగడానికి కూడా ఆ భయమే కారణం. అదలా ఉంచండి.

జబ్బు మైసూరు దాకా వచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు ఒక ఉపాయం చేశారు. జబ్బు ఉన్న చోటి నుంచి వచ్చే ప్రయాణికుడిని పరీక్షించి, అతని చేతికి ఒక చీటీ ఇచ్చేవారు. దాన్ని ప్లేగు పాసుపోర్టు అన్నారు. పాసుపోర్టు అంటే విదేశాలకు పోవడానికి అనుకునేరు, మైసూరు నుంచి మద్రాసు సీమకు రావడానికి! ఆ చీటీ పట్టుకుని మనిషి తన ఊరు చేరాక, అక్కడి అధికారి ముందు పది రోజుల పాటు హాజరు కావాలి. పదో రోజు దాకా జ్వరం లేకపోతే అతన్ని వదిలేస్తారు.

ఆలోచించి చూడండి. ఒక ప్రభుత్వం వ్రాసిన ఆరోగ్య సమాచారాన్ని మరో చోట ఉన్న అధికారి చదివి, దాని ప్రకారం పని చేయడం. ఈనాడు కంప్యూటర్ వాళ్లు కావాలంటున్నది కూడా అదే. కానీ ఆ చీటీ రోగి కోసం పుట్టింది కాదు. అందులో అతనికి మందు లేదు, వైద్యుడి సలహా లేదు. అతను ఎక్కడ ఉన్నాడో సర్కారుకు తెలియడం కోసం అది పుట్టింది. జనం దాన్ని తప్పించుకోవడానికి చూశారంటే తప్పు పట్టలేం. రైలు దిగే మనిషికి చీటీ ఇవ్వవచ్చు గానీ, మన సీమలో కాలిబాటలు ఎన్ని? చేను గట్టు మీద నడిచి వచ్చే మనిషిని ఎవరు ఆపుతారు?

ఈ సంగతి పుస్తకాల్లో మిగిలిపోయిందనుకున్నాం. 2020లో మళ్లీ కళ్లారా చూశాం. కరోనా రోజుల్లో కర్ణాటకలోకి రావాలంటే సేవాసింధులో పేరు నమోదు కావాలి, ఆంధ్రలోకి పోవాలంటే స్పందన సైటులో ఈ-పాసు తీసుకోవాలి. 1898లో పది రోజులు, 2020లో పద్నాలుగు రోజులు. రెండు రాష్ట్రాలకు రెండు సైట్లు. ఒకదానిలో రాసింది రెండోదానికి తెలియదు. ఆ ఏడు కూడా కాలిబాటలు అక్కడే ఉన్నాయి.

ఇక రెండో ఘట్టం క్షయ. నాకు ఈ చరిత్రలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, కొంచెం నిదానంగా చెప్పుకుందాం.

క్షయకు మందులు లేని రోజుల్లో రోగిని శానిటోరియంలో పెట్టేవారు. మన దిక్కున పేరుపడినది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. కొన్ని మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో ప్రారంభించి, 1915లో ఆరోగ్యవరానికి మార్చాయి. అక్కడ రోగి నెలల తరబడి ఉండేవాడు. రోగి ఏ రాష్ట్రం వాడైనా అతని కాగితం కూడా అతని మంచం దగ్గరే ఉండేది. మనిషి కదలడు కనుక కాగితం కదిలే అవసరమే లేదు.

1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. ఇంటి దగ్గర ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో ఆ కేంద్రం తేల్చింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఫలితమది. పేదవాడు ఏడాది పాటు పని మాని మంచం మీద పడుకోనక్కరలేదు. అయితే దాంతోపాటు ఒక కొత్త చిక్కు పుట్టింది. ఇంట్లో ఉండే రోగి తిరుగుతాడు. కూలికి పోతాడు, పండక్కి అత్తవారింటికి పోతాడు, మగ్గం పని దొరికిన చోటికి పోతాడు. ఆ రోజుల్లో మందులు ఏడాదికి పైగా వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందుకు లొంగని జబ్బుగా మారుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుతుంది. కాబట్టి మనిషి ఎక్కడికి పోతే అక్కడికి అతని వివరం పోవాలి. ఇంటి వైద్యం రాగానే కాగితం పని మొదలైందన్నమాట.

1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. 1960లో నెహ్రూ గారు దాన్ని ప్రారంభించారు. తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయిన హాఫ్డన్ మాలర్ అక్కడ పనిచేసిన వారిలో ఒకరు. ఈ సంస్థ దేశమంతటికీ పనికొచ్చే ఒక పద్ధతి తయారు చేయాలి. దానికి ముందు జనం ఎలా ఉన్నారో చూడాలి. ఎక్కడ చూశారనుకుంటున్నారు? మన గీతకు రెండు పక్కలా!

తుమకూరు జిల్లాలో 1960, 61లలో ఊరూరా తిరిగి క్షయ ఎంతమందికి ఉందో లెక్కగట్టారు. అదే జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు రోగుల ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడారు. వాళ్ల వ్యాసం 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. పల్లెటూరి వాళ్లకు జబ్బు మీద తెలివి లేదు, ఆస్పత్రికి రారు అని అంతదాకా అనుకునేవారు. ఆ ఇద్దరికీ కనిపించింది వేరు. క్షయ ఉన్న వాళ్లలో దాదాపు అందరికీ తమ ఒంట్లో బాగాలేదని తెలుసు. సగానికి పైగా అప్పటికే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి పోయి వచ్చారు. పోయినవాళ్లకు దొరికింది దగ్గు మందు సీసా. జనం రావడం లేదన్న మాట తప్పు, వచ్చిన వాళ్లను ఆస్పత్రి గుర్తుపట్టలేదన్న మాట నిజం.

దీని మీద ఆధారపడి జిల్లా క్షయ కార్యక్రమం అనే పద్ధతిని రూపొందించారు. దాన్ని మొదట నడిపి చూసిన చోటు, 1961 ప్రాంతంలో, మన అనంతపురం జిల్లా. ఆ తర్వాత 1962లో దేశవ్యాప్త కార్యక్రమం వచ్చింది. చూడండి, ఎంత చిత్రమో! తుమకూరు మైసూరు రాష్ట్రం, అనంతపురం ఆంధ్రప్రదేశ్. సంస్థ బెంగళూరుది. జనాన్ని అక్కడ చదివారు, పద్ధతిని ఇక్కడ నడిపారు. ఆ పద్ధతిలో ప్రాణమంతా ఒక కార్డులో ఉంది. రోగి పేరు, ఊరు, గళ్ల పరీక్ష ఫలితం, మందు, ఏ నెల తీసుకున్నాడు, ఏ నెల రాలేదు. రాకపోతే ఉత్తరం రాయాలి. ఉత్తరానికీ రాకపోతే మనిషిని పంపాలి. కార్డు నమూనా దేశమంతా ఒకటే. హొసకోటలో రాసిన కార్డును కళ్యాణదుర్గంలో చూసినవాడికి ఏ గడిలో ఏముంటుందో అడగకుండానే తెలుస్తుంది.

ప్లేగు చీటీకి, ఈ క్షయ కార్డుకు తేడా అదే. అది సర్కారు భయం మీద పుట్టింది, ఇది రోగి మందు మీద పుట్టింది. జనం దాన్ని తప్పించుకున్నారు, దీన్ని కవరులో పెట్టి దాచుకున్నారు.

కార్డు ఒకటే అయినా పని పూర్తయిందనుకోకండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొన్నేళ్లు క్షయ రిజిస్టర్లు చూసేవాణ్ణి. ఏ ఊరి కేంద్రమో చెప్పను. రిజిస్టర్ చివరి గడిలో రోగి ఏమయ్యాడో రాయాలి. నయమయ్యాడు, మధ్యలో మానేశాడు, చనిపోయాడు, బదిలీ అయ్యాడు. ఈ బదిలీ అయ్యాడు అన్న గడి మా పాలిట వరం. ఒక నేతగాడు రెండు నెలలు మందు తిని, ధర్మవరంలో మగ్గం దొరికిందని పోయాడనుకోండి. బదిలీ ఫారం రాసి అతని చేతిలో పెడతాం. ఆ ఫారం కింది భాగం చింపి, అక్కడివాళ్లు "మనిషి చేరాడు" అని మాకు తిరిగి పంపాలి. మా దగ్గర ఫారం రాసిన రోజుతో లెక్క చక్కబడుతుంది. చేరాడా లేదా అన్నది ఆ కింది ముక్క తిరిగి వస్తేనే తెలిసేది. చాలా ముక్కలు తిరిగి రాలేదు. రాలేదని మేమూ ఉత్తరం రాయలేదు. పోస్టు కార్డు ఖరీదు కాదు అడ్డం వచ్చింది. గీత అవతలి ఆఫీసు మనకు జవాబు చెప్పే ఆఫీసు కాదు అన్న ఒక అలవాటు. ఆ రిజిస్టర్లో ఉన్న పేర్లలో ఎందరు బతికి బట్టకట్టారో ఇవాళ నేను చెప్పలేను. అది నా తప్పులో భాగం కూడాను.

1997లో దేశంలో కొత్త క్షయ కార్యక్రమం మొదలైంది. 2006 నాటికి దేశమంతా వ్యాపించింది. 2012లో నిక్షయ్ అనే కంప్యూటర్ ఏర్పాటు వచ్చింది. అదే ఏడు, ప్రైవేటు డాక్టరు అయినా సరే క్షయ రోగిని గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయాలని నియమం పెట్టారు. ఇప్పుడు రోగికి ఒక నిక్షయ్ సంఖ్య ఉంటుంది. పావగడ వైపు నమోదైన మనిషిని అనంతపురం వైపు బదిలీ చేస్తే, అవతలివాళ్లు అందుకున్నదీ లేనిదీ ఇవతలివాళ్లకు తెరమీద కనిపిస్తుంది. చింపి పంపవలసిన ఆ కింది ముక్క ఇలా తిరిగి వచ్చిందన్నమాట, యాభై ఏళ్లకు. తిండి ఖర్చుకు ఇచ్చే డబ్బు కూడా, 2018లో నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు, ఆ సంఖ్య మీదే బ్యాంకు ఖాతాకు వస్తుంది.

క్షయ లాంటి రెండు మూడు జబ్బులకు దేశమంతటికీ ఒకే పుస్తకం ఉంది కనుక సరిపోయింది. తక్కిన వాటి సంగతి?

మొదటి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం మన ఆచారం. హొసకోట కోడలి పుట్టిల్లు కంబదూరు పక్క కావచ్చు, కంబదూరు కోడలి పుట్టిల్లు హొసకోట కావచ్చు. ఏడో నెల దాకా పరీక్షలు ఒక రాష్ట్రంలో, కాన్పు మరో రాష్ట్రంలో. కర్ణాటకలో ఆమెకు తాయి కార్డు ఇస్తారు. దాన్ని చేతిలో పెట్టుకుని వస్తే రక్తం గ్రూపు, రక్తం ఎంత ఉన్నది, బీపీ ఎలా నడిచింది అన్నీ అవతలి డాక్టరుకు కనిపిస్తాయి. అటక మీద మరిచిపోతే అర్ధరాత్రి వచ్చిన నొప్పులకు డాక్టరు చీకట్లో వైద్యం చేసినట్టే. బిడ్డ పుట్టాక కథ ఇంకా ఉంది. పుట్టగానే వేసే టీకాలు పుట్టింటి దగ్గర, మూడో నెల దాటాక తక్కినవి అత్తింటి దగ్గర. పుట్టింటి రిజిస్టర్లో ఆ బిడ్డ మొదటి టీకాల తర్వాత మాయమవుతుంది. అత్తింటి రిజిస్టర్లో మొదటి టీకాలు లేకుండా ఊడిపడుతుంది. టీకాలన్నీ సక్రమంగా పడిన ఒక్క బిడ్డ, రెండు జిల్లాల లెక్కల్లో టీకాలు సరిగా పడని ఇద్దరు బిడ్డలవుతుంది. 2023లో ప్రయోగాత్మకంగా మొదలైన యూ-విన్ ఈ చిక్కు తీర్చడానికి వచ్చినదే.

డబ్బు చేరిన చోట గీత ఇంకా గట్టిపడుతుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. తెల్ల రేషన్ కార్డు చూపిస్తే పెద్ద ఆపరేషన్లు ఉచితం. పేదవాడికి అది ఎంత పెద్ద మాటో ఆ కాలం చూసినవారికి తెలుసు. అయితే హొసకోట వాడి చేతిలో ఉన్నది కర్ణాటక కార్డు. కర్ణాటకలో 2003లో యశస్విని, 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీ, 2018లో అన్నీ కలిపి ఆరోగ్య కర్ణాటక వచ్చాయి. అటు ఒక ట్రస్టు, ఇటు ఒక ట్రస్టు. అటు ఒక ఆస్పత్రుల జాబితా, ఇటు ఒకటి. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కింద, కేంద్రం జాబితాలో ఉన్న కుటుంబాలకు ఏ రాష్ట్రంలోనైనా వైద్యం చెల్లుతుందన్నారు. 2019 నవంబరు 1 నుంచి ఆంధ్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీని బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఆస్పత్రుల్లో కొన్ని పెద్ద జబ్బులకు వర్తింపజేసింది. ఇక్కడ ఒక సూక్ష్మం చూడాలి. బిల్లు ఎల్ల దాటడం మొదలుపెట్టింది గానీ చీటీ దాటలేదు. రోగికి ఎంత ఖర్చయిందో బెంగళూరు నుంచి విజయవాడకు తెలుస్తుంది. అతనికి ఏ మందు పడలేదో కళ్యాణదుర్గం డాక్టరుకు తెలియదు.

ఈ లోటు తీర్చడానికే 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది. ఆభా అని 14 అంకెల సంఖ్య ఒకటి ఇస్తున్నారు. చాలామంది అనుకుంటున్నట్టు అందరి కాగితాలూ ఢిల్లీలో ఒక కొట్టంలో పోసే ఏర్పాటు కాదిది. ఏ ఆస్పత్రి కాగితం ఆ ఆస్పత్రిలోనే ఉంటుంది. కళ్యాణదుర్గంలో డాక్టరు అడిగితే, రోగి తన ఫోనులో సరే అంటే, పావగడలో ఉన్న కాగితం ఆ పూటకు అవతలి తెర మీద కనిపిస్తుంది. ఇలా జరగాలంటే రెండు వైపులా ఒకే నమూనాలో రాయాలి. ఫైర్ అనే అంతర్జాతీయ నమూనాను దీనికి తీసుకున్నారు. క్షయ కార్డులో ఏ గడిలో ఏముండాలో నిర్ణయించినట్టే ఇదీను. జబ్బు పేరుకు కూడా అందరికీ ఒకే గుర్తు ఉండాలి. ఇక్కడ చక్కెర జబ్బు, అక్కడ సక్కరె కాయిలె, డాక్టరు చీటీలో ఇంకేదో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో పట్టికలో పెద్దలకు వచ్చే చక్కెర జబ్బుకు ఇ 11 అని గుర్తు. ఆ గుర్తు రాస్తే కన్నడం వాడికీ తెలుగు వాడికీ అనువాదం అక్కరలేదు. జబ్బులకు ఇలా పట్టిక వేసే పని 1893లోనే ఫ్రాన్సుకు చెందిన బెర్తిలాన్ మొదలుపెట్టాడు.

జబ్బుకు గుర్తు పెట్టడం సులువే. మనిషికి గుర్తు పెట్టడం కష్టం. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తాం. కర్ణాటకలో చాలామంది తండ్రి పేరో, ఊరి పేరో పొడి అక్షరంగా పెట్టుకుంటారు. ఒకే లక్ష్మమ్మ ఇక్కడ ఇంటిపేరుతో, అక్కడ భర్త హనుమంతప్ప పేరుతో ఉంటుంది. వయసు అడిగితే "నలభై ఉంటాయేమో రాసుకోప్పా" అంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు ఒక తీరు, మరొకరు మరో తీరు. ఇక ఊరి పేరు! హొసకోట అని కొడితే కంప్యూటర్ బెంగళూరు పక్కనున్న హొసకోటను చూపిస్తుంది. తుమకూరు పేరు అధికారికంగా ఇంగ్లీషులో 2014లో మారింది. అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండయింది. ధర్మవరం, పెనుకొండ, మడకశిర, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. పాత చీటీలో అనంతపురం జిల్లా ధర్మవరం అని ఉంటుంది, కొత్త పట్టికలో అలాంటి చోటే లేదు. అందుకే ప్రతి పల్లెకూ కేంద్రం ఇచ్చిన సంఖ్యను రాయడం మేలు. పేర్లు మారినా ఆ సంఖ్య పట్టుకుని ఊరిని వెతకవచ్చు. ఏర్పాటు గట్టిదా కాదా తేలేది ఇలాంటి చిన్న గడులలోనే అని నా అభిప్రాయం. పెద్ద పెద్ద సభల్లో ఈ గడుల మాట ఎవరూ ఎత్తరు.

ఇది జరిగే పనేనా అని అనుమానం రావచ్చు. యూరపులో ఫిన్లాండ్, ఎస్తోనియా అని రెండు దేశాలున్నాయి. మధ్యలో ఎనభై కిలోమీటర్ల సముద్రం. మన కన్నడం తెలుగుల్లాగా వాళ్ల భాషలు అక్కాచెల్లెళ్లు. 2019 జనవరి నుంచి ఫిన్లాండ్ డాక్టరు కంప్యూటర్లో రాసిన మందు చీటీ ఎస్తోనియా మందుల షాపులో చెల్లుతోంది. అవతలి దిశ తర్వాత వచ్చింది. దానికి ముందు పదేళ్లకు పైగా యూరపు దేశాలు కలిసి ప్రయోగాలు చేశాయి. వాళ్లు రోగి చరిత్రంతా ఒకేసారి పంపుతామనలేదు. మొదట ఒక్క మందు చీటీతో మొదలుపెట్టారు. రెండు దేశాలకు చేతనైన పని, ఒకే ప్రభుత్వపు చట్టాల కింద ఉన్న రెండు తాలూకాలకు చేతకాదంటే నేను నమ్మను. కాన్పు చీటీ, బీపీ, చక్కెర మందుల చీటీ, ఈ రెండింటితో మొదలుపెట్టినా సరిహద్దు పల్లెలకు సగం కష్టం తీరుతుంది.

ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పాలి. కొందరు ఎల్ల దాటి ఆస్పత్రికి పోయేది చీటీ దాటదని తెలిసే. ఊళ్లో ఆస్పత్రి వరండాలో అందరూ తెలిసినవాళ్లే. క్షయ అని తెలిస్తే ఆడపిల్ల సంబంధం తప్పిపోతుంది. హెచ్‌ఐవీ అని తెలిస్తే ఇల్లు అద్దెకు ఇవ్వరు. కుష్ఠు అని తెలిస్తే పలకరించరు. అలాంటి మనిషికి ఈ గీత అడ్డుగోడ కాదు, చాటు. చీటీలన్నింటినీ కలిపేస్తే ఆ చాటు పోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరం వారి ఇష్టం లేకుండా బయట పెట్టరాదని 2017 చట్టం చెబుతోంది. 2023లో వ్యక్తుల వివరాల రక్షణకు మరో చట్టం చేశారు. కానీ ఫోను ఇంట్లో ఒక్కటే ఉండి, అది కొడుకు చేతిలో ఉండి, తల్లి తరఫున వాడే సరే నొక్కుతుంటే, ఆ సమ్మతి ఎవరిది? ఏ కాగితం కనబడాలి, ఏది కనబడకూడదు అని రోగి ఎంచుకునే వీలు అమ్మకు అర్థమయ్యే తెలుగులో, కన్నడంలో ఉండాలి. చదవడం రాని మనిషికి ఆస్పత్రిలో ఒకరు కూర్చుని నోటితో అడిగి చెప్పాలి. ఈ ఒక్క పని వదిలేసి తక్కినదంతా ఎంత బాగా కట్టినా, అది 1898 నాటి చీటీలాగే అవుతుంది. జనం మళ్లీ కాలిబాట వెతుక్కుంటారు.

మరొకటి, జవాబుదారీ. పావగడ నుంచి పోయిన కాగితం కళ్యాణదుర్గంలో తెరుచుకోకపోతే ఎవరికి ఫోను చేయాలి? ఇవతలి తాలూకా వైద్యాధికారి, అవతలి ఆస్పత్రి వారు మూడు నెలలకొకసారైనా ఒక బల్ల చుట్టూ కూర్చుని, వచ్చిన పేర్లు, పోయిన పేర్లు సరిచూసుకోవాలి. దీనికి కొత్త కంప్యూటర్ అక్కరలేదు, ఒక పూట, రెండు బస్సు టిక్కెట్లు చాలు. నేను రిజిస్టర్ రాసిన రోజుల్లో ఈ పని ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇదంతా సక్రమంగా నడిచే దాకా, హొసకోట నుంచి కళ్యాణదుర్గం పోయేవారు, అటునుంచి ఇటు వచ్చేవారు ఆ ప్లాస్టిక్ కవరును మరిచిపోవద్దు. కాన్పుకు పుట్టింటికి పోయే అమ్మాయి చీర సారెలతోపాటు తాయి కార్డు సర్దుకోవాలి. క్షయ మందు తింటున్నవారు నిక్షయ్ సంఖ్య ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఖాళీ మాత్రల అట్టను కూడా పారేయకండి, దాని వెనక మందు పేరు ఉంటుంది.